మాటలు రాని ఆ ఆరు నెలలు

ఈ ఎపిసోడ్ కొంచెం వేరే టైపు. గాడ్జెట్లు లేవు, శాలరీ హైక్ టిప్స్ లేవు. పిల్లల మాటల గురించి మాట్లాడుకుందాం. "బ్రో, నాకింకా పెళ్ళే కాలేదు, ఇది నాకెందుకు" అని పైకి తోసేసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మీకు పిల్లలు లేకపోవచ్చు. మీ అక్కకి ఉంటారు, అన్నకి ఉంటారు, పక్క ఫ్లాట్‌లో ఉంటారు. ఇంట్లో ఎవరికి ఏ డౌటొచ్చినా ఫోన్ తీసి వెతికేది మీరే. "బాబుకి రెండేళ్ళు దాటాయి, ఇంకా మాటలు రావట్లేదు, కొంచెం చూడరా" అని అడిగేది కూడా మిమ్మల్నే.

ఆ టైమ్‌లో ఇంట్లో వినపడే డైలాగులు మీకు తెలిసినవే. "మగపిల్లలకి లేటేలే." "వాళ్ళ నాన్నకి నాలుగో ఏట గానీ రాలేదు, ఇప్పుడు చూడు, ఆపమన్నా ఆపడు." "వస పోశారా?" "నాలుక కింద నరం అడ్డముందేమో." అన్నీ ప్రేమతో అనే మాటలే. కానీ అన్నీ కలిసి తేల్చేది ఒక్కటే, ఇంకో ఆరు నెలలు చూద్దాం అని. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఆ ఆరు నెలల గురించే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు, థెరపిస్ట్‌ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్ళు కోడ్ రాసి, తర్వాత కెమెరా ముందుకొచ్చినవాణ్ణి. మా మేనల్లుడిని స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళే డ్యూటీ దాదాపు ఏడాది పాటు నాది. అక్కడ చూసింది, తర్వాత కూర్చుని చదివింది, థెరపిస్టులని అడిగి తెలుసుకున్నది మీకు చెప్తా.

మనం అన్నిటికీ కలిపి "మాటలు రాలేదు" అనేస్తాం. నిజానికి అందులో మూడు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి స్పీచ్, అంటే నోటితో శబ్దాలు పలకడం. "కుక్క" అనాల్సింది "తుత్త" అనడం, "రైలు"ని "లైలు" అనడం, ఒక అక్షరం దగ్గర ఆగిపోవడం ఇందులోకొస్తాయి. రెండోది లాంగ్వేజ్, భాష. చెప్పింది అర్థం చేసుకోవడం, మాట పక్కన మాట పెట్టి తన సంగతి చెప్పడం. మూడోది అసలు కమ్యూనికేషన్. నోరు తెరవకుండానే ఎదుటి మనిషితో ఏదో పంచుకోవాలన్న కోరిక. ఆకాశంలో విమానం వెళ్తుంటే పిల్లాడు వేలు చూపించి, వెంటనే మీ మొహంలోకి చూస్తాడు కదా, "నువ్వు కూడా చూశావా?" అన్నట్టు. మాటల కంటే ముందు వచ్చేది అదే. అది రాకపోతే, "అమ్మ", "తాత" అంటున్నాడుగా అని ఊరుకోకూడదు.

ఒకడు అన్నీ అర్థం చేసుకుంటాడు, వేలు చూపిస్తాడు, సైగలు చేస్తాడు, మాట మాత్రం బయటికి రాదు. ఇంకొకడు యాడ్స్ మొత్తం అప్పజెప్తాడు, కానీ "చెప్పులు తీసుకురా" అంటే తెలీదు, పేరు పెట్టి పిలిస్తే తిరగడు. చుట్టాలకి రెండోవాడు హుషారుగా కనపడతాడు. థెరపిస్ట్ ఎక్కువ కంగారు పడేది వాడి గురించే.

మరి ఎప్పుడు ఏం రావాలి? ప్రతి పిల్లాడూ ఒక టైమ్‌టేబుల్ ప్రకారం నడవడు, నిజమే. కానీ కొన్ని గీతలున్నాయి. ఏడాది నిండేసరికి "బాబాబా, దాదాదా" లాంటి శబ్దాలు, టాటా చెప్పడం, వేలు చూపడం, పేరు పిలిస్తే చూడటం ఉండాలి. ఏడాదిన్నర దగ్గరకొచ్చేసరికి కొన్ని మాటలైనా ఉండాలి. రెండేళ్ళకి యాభై మాటల దాకా, రెండు మాటలు కలపడం, "పాలు కావాలి", "నాన్న పోయాడు" లాంటివి. మూడేళ్ళకి బయటివాళ్ళకి కూడా చాలావరకు అర్థం కావాలి. ఇక ఒక విషయానికి వయసుతో పని లేదు. వచ్చిన మాటలు పోతే, అంటే నిన్నటిదాకా "అత్త, తాత" అన్నవాడు ఆపేస్తే, మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వచ్చే పండక్కి చూద్దాం అనేది ఇక్కడ పనికిరాదు.

మగపిల్లలకి లేటు అనే మాటలో కొంచెం నిజం ఉంది. సగటున ఆడపిల్లలకి కాస్త ముందు వస్తాయి. కానీ ఆ తేడా వారాలు, నెలల్లో ఉంటుంది, ఏళ్ళలో కాదు. లేటుగా మొదలుపెట్టి మిగతావాళ్ళని అందుకునే పిల్లలు చాలామందే ఉన్నారు, అదీ నిజమే. చిక్కెక్కడంటే, ఎవడు అందుకుంటాడో ఎవడు వెనకపడతాడో రెండేళ్ళప్పుడు మొహం చూసి ఎవరూ చెప్పలేరు. వెళ్ళి చూపిస్తే, ఏమీ లేదంటే పోయింది ఒక పూట. ఆగితే, ఏదైనా ఉంటే పోయేది మెదడు అన్నిటికంటే వేగంగా భాష నేర్చుకునే కాలం. లెక్క ఇంతే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. కోడ్‌లో అవుట్‌పుట్ రాకపోతే మనం ముందు ఏం చూస్తాం? ఇన్‌పుట్ సరిగ్గా వెళ్తోందా అని. ఇక్కడా అంతే. మాట రావట్లేదంటే మొదటి టెస్ట్ నోటికి కాదు, చెవికి. "మా వాడికి చెవులు బ్రహ్మాండంగా వినపడతాయి, గిన్నె పడితే ఉలిక్కిపడ్డాడు" అంటారు. గిన్నె శబ్దం వేరు, "స", "శ" లాంటి సన్నటి శబ్దాలు వేరు. కొందరు పిల్లలకి పెద్ద శబ్దాలు అందుతాయి, మాటలో ఉండే సన్నటి శబ్దాలు అందవు. ఇంకొందరికి జలుబులు చేసి చేసి కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. ఒక వారం బాగా వినపడుతుంది, ఇంకో వారం నీళ్ళలో మునిగి విన్నట్టు ఉంటుంది. మా వాడికి రెండు చెవుల్లోనూ అదే ఉందని తేలింది.

టెస్టులకి భయపడక్కర్లేదు. ఓఏఈ అని ఒకటుంది, చెవిలో ఇయర్‌బడ్ లాంటిది పెడతారు, నిమిషాల్లో అయిపోతుంది, పుట్టిన పాపకి కూడా చేస్తారు. బెరా అని ఇంకోటి, తలకి చిన్న ఎలక్ట్రోడ్లు అతికించి నిద్రలో చేస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. ప్రపంచంలో చాలాచోట్ల పాటించే లెక్క 1-3-6. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సహాయం మొదలు. కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో టీమ్ 1998లో ఒక స్టడీ వేసింది. వినికిడి లోపం ఆరు నెలలలోపు బయటపడిన పిల్లల భాష, ఆ తర్వాత బయటపడిన వాళ్ళ కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. పూర్తిగా వినపడని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఆరోగ్యశ్రీలో చేర్చారు. మీ ఊళ్ళో ఎవరికైనా ఆ అవసరముంటే ముందు ఆ దారి కనుక్కోండి, అప్పు దారి కాదు.

సరే, థెరపీ. లోపల ఏం జరుగుతుందో బయట చాలామందికి తెలీదు. నాలుక పట్టుకుని "అ అను, ఆ అను" అనిపిస్తారనుకుంటారు. నేను చూసిన మొదటి సెషన్‌లో మేడమ్ చాప మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదారు. మావాడు ఎగిరి గంతేశాడు. ఆవిడ రెండుసార్లు ఊది, మూత బిగించి, సీసా వాడి చేతికిచ్చి, నోరు మూసుకుని కూర్చున్నారు. నాకు చిరాకేసింది, డబ్బులు కట్టింది దీనికా అని. పది సెకన్లు గడిచాయి. ఫోన్‌లో రీల్ చూసేవాడికి పది సెకన్లంటే ఎంతో మీకు తెలుసు. వాడు మూత లాగాడు, రాలేదు. ఆవిడ మొహం చూశాడు. సీసా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వెంటనే "తియ్యి! మూత తియ్యి!" అని తీసి ఊదారు. మాట లేకుండా వాడు ఒక రిక్వెస్ట్ పంపాడు, దానికి రెస్పాన్స్ వచ్చింది. థెరపీ అక్కడే మొదలైంది.

ఇంట్లో మనం చేసేది దీనికి రివర్స్. వాడు ఫ్రిజ్ వైపు చూస్తే చాలు, పెరుగు తెచ్చి నోట్లో పెడతాం. అడగాల్సిన అవసరమే రాదు. కాబట్టి ఇష్టమైన బొమ్మని లోపలిది కనపడే డబ్బాలో పెట్టి మూత పెట్టండి. బిస్కెట్ మొత్తం ఇవ్వకుండా చిన్న ముక్క ఇచ్చి ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. చూపు, వేలు, శబ్దం, ఏది వచ్చినా అది మాట కిందే లెక్క, వెంటనే ఇచ్చేయండి. "అమ్మా అను, అంటేనే ఇస్తా" అని ఏడిపించడం మాత్రం థెరపీ కాదు. ఈ రెండిటికీ మధ్య గీత సన్నం, కానీ పిల్లాడికి ఆ తేడా బాగా తెలుసు. చిరాకు పడేలోపే ఇచ్చెయ్యాలి.

ఇంకోటి, కింద కూర్చోండి. మీ మొహం వాడి మొహానికి ఎదురుగా ఉండాలి. నిలబడి మాట్లాడితే వాడికి కనపడేది మీ మోకాలు. టొరాంటోలో హానెన్ సెంటర్ అని తల్లిదండ్రులకి ఇవే నేర్పించే సంస్థ ఉంది, వాళ్ళు చెప్పేది మూడు ముక్కలు: గమనించు, ఆగు, విను. వినడానికి సులువుగా ఉంది కదా, ఒక్క పూట చేసి చూడండి.

మనకున్న పెద్ద జబ్బు ప్రశ్నలు. "ఇదేంటి? ఇదేంటి? ఆవు ఏమంటుంది? అంకుల్‌కి చెప్పు!" ఇది ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో మనకే నోరు పెగలదు, రెండేళ్ళవాడికి ఎలా పెగులుతుంది? ప్రశ్నలు తగ్గించి క్రికెట్ కామెంటరీ చెప్పండి. "బాల్ పడింది. దొర్లింది. మంచం కిందికి పోయింది. అయ్యో!" చిన్న చిన్న వాక్యాలు, వాడు చేస్తున్న పని గురించి. వాడు ఒక మాట అంటే మీరు దానికి ఒకటి కలపండి. "బువ్వ" అంటే "వేడి బువ్వ". "కారు" అంటే "కారు పోయింది". ఆరు మాటలు కలపొద్దు, ఒకటి చాలు. ఛాయిస్ ఇవ్వండి, "పాలా? నీళ్ళా?" అని రెండూ చేతుల్లో పట్టుకుని చూపిస్తూ. "తుత్త వచ్చింది" అంటే "తుత్త కాదురా, కుక్క! కుక్క అను!" అని పట్టుకోవద్దు. "అవును, కుక్క వచ్చింది. పెద్ద కుక్క" అని సరైన మాటని మీ వాక్యంలో వినిపించి వదిలేయండి.

ఇక్కడ మన అమ్మమ్మలకి ఫుల్ మార్కులు ఇవ్వాలి. బువ్వ, లాల, బజ్జో, పాప, మామ. ఈ మాటల్లో మ, ప, బ లాంటి, పెదవులతో సులువుగా పలికే శబ్దాలు చాలా ఉన్నాయి, పిల్లలకి ముందు వచ్చేవి అవే. దోబూచులాట ఆడితే ఆగడం, ఎదురుచూడటం, మొహంలోకి చూడటం మూడూ అందులోనే ఉన్నాయి. మావాడి మొదటి స్పష్టమైన మాట ఏంటో తెలుసా? "మూత". అమ్మ కాదు, మామ కాదు. మా అక్క కొంచెం ఫీలైంది, నేను పార్టీ ఇచ్చా.

తెలుగిళ్ళలో ఈ మధ్య బాగా జరిగే ఇంకో పని, మాటలు లేటనగానే తెలుగు ఆపేసి ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడటం. "రెండు భాషలతో కన్ఫ్యూజ్ అవుతున్నాడు" అని. డల్లాస్‌లోనూ ఇదే, కొండాపూర్‌లోనూ ఇదే. రెండు భాషల వల్ల భాషా లోపం రాదు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనపడుతుంది. తెలుగు తీసేస్తే వాడికి పోయేది నానమ్మ. మీకు ఏ భాషలో జోకులు, కోపం, లాలన సహజంగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి.

ఇక ఫోన్. వీడియోలు చేసి బతికేవాణ్ణి నేనే చెప్పడం కామెడీగానే ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లల్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టొద్దు, నాలుగేళ్ళ దాకా రోజుకి గంటకి మించొద్దు. ఎందుకో అర్థం కావాలంటే సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా మాండరిన్ భాష వినిపించారు. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ, కొందరికి అదే మనిషి టీవీలో. మనిషి దగ్గర విన్నవాళ్ళు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. టీవీలో విన్నవాళ్ళకి ఏమీ అంటలేదు. వీడియో ఆగి ఎదురుచూడదు, మొహం చూసి రెస్పాండ్ అవ్వదు. అమెరికా నుంచి తాతయ్యతో వీడియో కాల్ మాత్రం వేరు, అవతల నిజంగా మనిషి ఉన్నాడు, బదులిస్తున్నాడు. అలాగని "ఫోన్ వల్లే ఆటిజం వచ్చింది" అని ఆ తల్లిని నిలదీసే చుట్టాలకి ఒక మాట. వర్చువల్ ఆటిజం అనేది డాక్టర్ల పుస్తకాల్లో ఉన్న జబ్బు పేరు కాదు. ఫోన్ తగ్గించడం మంచిదే, తల్లిని తిట్టడం దేనికీ మందు కాదు.

వస సంగతి కూడా. ఎక్కువ మాట్లాడేవాళ్ళని వసపిట్ట అంటాం, వస తాగావా అంటాం, అంతగా నమ్మకం. కానీ ఆ కొమ్ములో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది, అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడటం నిషేధించారు. సామెతలో ఉంచుకుందాం, పసిపిల్లల నోట్లో వద్దు. నాలుక కింద పొర గట్టిగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు, కానీ అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. గ్రహణం మొర్రి గ్రహణం వల్ల రాదు. అంగిలి చీలిక ఉంటే ఆపరేషన్‌తో పని సగమే అయినట్టు, తర్వాత స్పీచ్ థెరపీ కావాల్సి రావచ్చు.

నత్తి గురించి ఒక కథ చెప్పాలి. 1939లో అమెరికాలోని అయోవాలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్, ఆయనకీ నత్తే, ఒక అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద తన స్టూడెంట్ మేరీ ట్యూడర్ చేత ప్రయోగం చేయించాడు. బాగానే మాట్లాడే కొందరు పిల్లలకి, నీకు నత్తి మొదలైంది, జాగ్రత్తగా మాట్లాడు, లేకపోతే నోరు తెరవకు అని పదే పదే చెప్పించాడు. వాళ్ళకి నిజంగా నత్తి వచ్చిందా అంటే లేదు. కానీ వాళ్ళు మాట్లాడటమే తగ్గించేశారు. క్లాసులో నోరు విప్పడానికి భయపడ్డారు. ఈ సంగతి పేపర్లో బయటికొచ్చాక 2001లో ఆ యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. మన ఇళ్ళలో రోజూ మనం చేసేది దీని చిన్న వెర్షనే. "మెల్లగా చెప్పు, ఊపిరి తీసుకో, మళ్ళీ చెప్పు", పైగా వాక్యం మనమే పూర్తి చేసేస్తాం, కజిన్స్ మిమిక్రీ చేస్తారు.

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య నత్తి మొదలవడం మామూలే, వాళ్ళలో ఎక్కువమందికి పోతుంది కూడా. ఆరు నెలలు దాటినా ఉంటే, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే, మాట్లాడేటప్పుడు మొహం బిగుసుకుంటే, మాట్లాడటానికి జంకుతుంటే థెరపిస్ట్‌కి చూపించండి. ఈలోపు మనం మెల్లగా మాట్లాడితే చాలు, వాణ్ణి మెల్లగా మాట్లాడమనక్కర్లేదు. ఏం చెప్తున్నాడో వినండి, ఎలా చెప్తున్నాడో కాదు.

స్కూల్ వయసు పిల్లల్లో ఇంకొక రకం ఉంటుంది, దాన్ని డీఎల్‌డీ అంటారు, డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్. చెవులు బాగుంటాయి, తెలివి బాగుంటుంది, భాష మాత్రం కష్టం. ఇంగ్లండ్‌లో లెక్కేస్తే దాదాపు ఏడు శాతం, అంటే ముప్పై మంది క్లాసులో ఇద్దరు. ఈ పేరు మీద నిపుణులు ఒప్పందానికొచ్చిందే 2017లో, డొరొతీ బిషప్ నడిపిన కసరత్తు తర్వాత. మన క్లాసుల్లో ఆ ఇద్దరినీ "మొద్దబ్బాయి", "సోమరి" అని లాస్ట్ బెంచీకి పంపారు.

ఎక్కడికెళ్ళాలి? ప్రైవేట్ థెరపీ నెలల తరబడి అంటే జేబుకి భారమే. ప్రభుత్వంలో ఆర్‌బీఎస్‌కే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకి ఉచిత పరీక్షలు, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు టీమ్ రావాలి. అక్కడి నుంచి జిల్లాలో ఉండే డైక్ సెంటర్‌కి పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, వినికిడి, మాటల కోసం అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. రాయలసీమ వాళ్ళకి మైసూరులోని ఐష్ కూడా ఒక దారి. ప్రైవేట్‌లో వెళ్తే థెరపిస్ట్ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటపడొద్దు. "నెలలో మాటలు గ్యారంటీ" అని బోర్డు ఉన్న చోట మెట్లెక్కకండి.

మాటలు అసలు రాకపోతే? బొమ్మల కార్డులు, యాప్‌లు ఉన్నాయి. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్‌లో పిల్లాడు బొమ్మ నొక్కితే మాట వినపడుతుంది. "దానికి అలవాటు పడితే నోటితో మాట్లాడడేమో" అని భయపడతారు. అలా జరగదు, చాలామందికి అది మాటకి ఊతమే అవుతుంది. ఈ ఒక్క చోట స్క్రీన్ తప్పు కాదు.

ఆఖరుగా మీ ఫోన్‌తో చేయగలిగిన పని ఒకటుంది. అపాయింట్‌మెంట్‌కి వెళ్ళే ముందు ఇంట్లో రెండేసి నిమిషాల వీడియోలు నాలుగు తియ్యండి. తినేటప్పుడు, ఆడేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, ఏదైనా కావాలని అడిగేటప్పుడు. కొత్త రూమ్‌లో పిల్లాడు ముడుచుకుపోయి కూర్చుంటాడు, మీ వీడియోలో ఉన్నవాడే అసలువాడు. ఎన్ని మాటలొచ్చో నోట్స్ యాప్‌లో రాసి పెట్టుకోండి, తేదీతో సహా. మా అక్క లిస్టులో పదకొండు మాటలే ఉన్నాయి అప్పుడు, మేడమ్ దాన్నే ఫైల్‌లో మొదటి పేజీగా పెట్టారు. మావాడికి ఇప్పుడు నాలుగు నిండాయి, వారానికి ఒక సెషన్ ఇంకా నడుస్తోంది, "ర" ఇంకా "ల"నే.

వచ్చే ఎపిసోడ్ నత్తితో జాబ్ ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళ గురించి. ఇద్దరు గెస్టులు వస్తున్నారు, వాళ్ళ మాటల్ని కట్ చేయకుండా పెడతా, అందుకే అది కొంచెం పొడుగుంటుంది. ఉంటా మరి, బై.